చిలగడదుంపా, గుమ్మడికాయా, స్క్వాషా: ఎవరికి ఏది, ఎంత?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి తర్వాత చదివేవాళ్ల కోసం ముందు దాన్ని కుదించి పెడతాను. మీరు డాలస్‌లో ఉంటున్నారు. షుగర్ ఉన్న మీ అత్తయ్య గారు కొన్నాళ్లు ఉండటానికి వచ్చారు, ఆవిడకి చిలగడదుంపలంటే ప్రాణం, పెట్టొచ్చా లేక అక్కడ దొరికే బటర్‌నట్ స్క్వాష్ నయమా అన్నది మొదటి ప్రశ్న. ఏడాది నిండిన పాపకి రెండింట్లో ఏది మంచిది అన్నది రెండోది. మూడోది మీ గురించి: రాత్రిళ్లు అన్నం మానేసి ఓవెన్‌లో కాల్చిన చిలగడదుంప తింటున్నారు, అయినా కాటా మీద ముల్లు కదలట్లేదు. దీనికితోడు ఒక వీడియోలో దుంపే గొప్పదన్నారు, ఇంకో వీడియోలో గుమ్మడే గొప్పదన్నారు.

వీడియోలు రెండూ పక్కన పెట్టండి. రెండూ నారింజ రంగులో ఉంటాయి, రెండూ తియ్యగా ఉంటాయి, రెండింట్లోనూ విటమిన్ ఎ ఉందంటారు, అందుకని జనం వీటిని ఒకే గాటన కట్టేసి పోటీ పెడతారు. ఆసుపత్రి డైటీషియన్‌గా చాలా ఏళ్లుగా చూస్తున్నాను, ఈ గందరగోళం వల్ల షుగర్ ఉన్నవాళ్లలో ఒకాయన తియ్యగా ఉందని గుమ్మడికాయ ముట్టడం మానేస్తాడు, ఇంకొకాయన ‘ఆరోగ్యానికి మంచిదట’ అని అరకిలో చిలగడదుంప లాగించేసి వస్తాడు. నా లెక్క ఇది: చిలగడదుంప పళ్లెంలో అన్నం స్థానంలోకి రావాలి, గుమ్మడికాయ గానీ స్క్వాష్ గానీ కూర స్థానంలోకి రావాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే మీ మూడు ప్రశ్నల్లో చాలా భాగం తేలిపోతుంది. (చిలగడదుంప అంటే తెలంగాణలో మోరంగడ్డ, రాయలసీమలో గెనుసుగడ్డ అనేదే. గుమ్మడికాయ అంటే ఇక్కడ తియ్యగుమ్మడి. వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడి సంగతి వేరు, అది దాదాపు అంతా నీళ్లే.)

అంకెలు చూద్దాం. మీరు కొనేది అక్కడి సరుకు కాబట్టి అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో ఉన్నవే చెప్తున్నాను. పచ్చి చిలగడదుంప 100 గ్రాముల్లో సుమారు 86 కేలరీలు, పిండిపదార్థం 20 గ్రాములు, పీచు 3 గ్రాములు. అదే బరువు గుమ్మడికాయలో 26 కేలరీలు, పిండిపదార్థం 6.5 గ్రాములు, పీచు అర గ్రాము. బటర్‌నట్ స్క్వాష్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, 45 కేలరీలు, పిండిపదార్థం 12 గ్రాములకి కాస్త తక్కువ, పీచు 2 గ్రాములు. పోల్చుకోవడానికి, వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాముల దాకా ఉంటుంది. అంటే దుంప అన్నానికి దగ్గర చుట్టం, గుమ్మడి దొండకాయకీ బెండకాయకీ దగ్గర చుట్టం. తేడా అంతా నీళ్లలోనే ఉంది, గుమ్మడిలో నూటికి 91 పాళ్లు నీళ్లే, దుంపలో 77.

ప్రొటీన్ విషయంలో రెండూ ఒకటే, రెండూ దండగే, 100 గ్రాములకి ఒకటి, ఒకటిన్నర గ్రాము. ఐరన్ కూడా అంతే, ఒక మిల్లీగ్రాము కూడా రాదు. రక్తం తక్కువగా ఉందని చిలగడదుంప తినమని ఎవరైనా చెప్తే విని ఊరుకోండి. విటమిన్ సి గుమ్మడిలో కొంచెం, బటర్‌నట్‌లో ఇంకొంచెం ఎక్కువ, కానీ విటమిన్ సి కోసం ఈ రెండింటి చుట్టూ తిరగడం ఎందుకు, ఒక జామకాయ తింటే వీటికి ఎన్నో రెట్లు వస్తుంది.

అసలు చూడాల్సింది విటమిన్ ఎ. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు, మీరు చూసిన వీడియోల వాళ్లతో సహా.

మొక్కల్లో విటమిన్ ఎ నేరుగా ఉండదు, బీటా కెరోటిన్ ఉంటుంది, దాన్ని మన ఒళ్లు విటమిన్ ఎగా మార్చుకుంటుంది. ఆహారంలోంచి వచ్చే 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌కి 1 మైక్రోగ్రాము విటమిన్ ఎ అని లెక్క. నారింజ రంగు చిలగడదుంపలో 100 గ్రాములకి 8,500 మైక్రోగ్రాముల కెరోటిన్ ఉంటుంది, అంటే విటమిన్ ఎ 700 పైచిలుకు. బటర్‌నట్‌లో 530 దాకా, గుమ్మడిలో 420 దాకా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్లలో ఆడవాళ్లకి రోజుకి 840, మగవాళ్లకి 1,000 మైక్రోగ్రాములు కావాలి. కాబట్టి నారింజ దుంప ఒక మోస్తరు ముక్క తింటే రోజుకి కావాల్సింది దాదాపు వచ్చేసినట్టే. ఇక్కడిదాకా వీడియో వాళ్లు చెప్పింది నిజమే.

కానీ ఇదంతా నారింజ రంగు దుంప లెక్క. మన దగ్గర శివరాత్రికి బండ్ల మీద కుప్పలు పోసి అమ్మే దుంప పైకి ఎర్రగా, గులాబీగా ఉంటుంది, విరిస్తే లోపల తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది. ఆ తెల్ల గుజ్జులో కెరోటిన్ చాలా చాలా తక్కువ. తొక్క రంగుని చూసి మోసపోకండి, తొక్కలో ఉన్న ఎరుపుకీ కెరోటిన్‌కీ సంబంధం లేదు, అది వేరే రంగుపదార్థం. కాబట్టి మీ అత్తయ్య గారు ఊళ్లో ఇన్నాళ్లూ తిన్న దుంపకీ, డాలస్ దుకాణంలో మీరు కొంటున్న నారింజ దుంపకీ పిండిపదార్థంలో పెద్ద తేడా లేదు గానీ విటమిన్ ఎ లో మాత్రం అసలు పొంతనే లేదు. తెల్లదుంపతో పోటీ పెడితే మన పెరటి గుమ్మడికాయే గెలుస్తుంది, అదీ మామూలుగా కాదు.

మన దేశంలో నారింజ దుంప లేదని కాదు. తిరువనంతపురంలో 1963 నుంచి దుంపల కోసం ప్రత్యేకంగా కేంద్ర పరిశోధన సంస్థ ఒకటి ఉంది. వాళ్లు తెచ్చిన భూసోనా రకంలో 100 గ్రాములకి 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది, అదే వాళ్లు తెచ్చిన భూకృష్ణ లోపలంతా ఊదా రంగు, నేరేడుపండులో ఉండే ఆంథోసయానిన్లు దాంట్లో ఉంటాయి. కూరగాయల మార్కెట్లో మాత్రం తెల్లదే రాజ్యమేలుతోంది. ఆఫ్రికాలో కథ ఇంకోలా నడిచింది. అక్కడా జనం తరతరాలుగా తెల్లదుంపే తినేవాళ్లు, పిల్లల్లో విటమిన్ ఎ లోపం విపరీతంగా ఉండేది. మొజాంబిక్, ఉగాండా లాంటి చోట్ల తెల్లదుంప స్థానంలో నారింజ దుంపని రైతుల చేత పండించి, తల్లుల చేత వండించే పని ఏళ్ల తరబడి చేశారు. ఆ పనికే మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో, వాళ్లతో పాటు పంటల్లో పోషకాలు పెంచే ఉద్యమాన్ని నడిపిన హోవర్త్ బౌయిస్, ఈ నలుగురికీ 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మనవాళ్లకి బియ్యం ఎలాగో అక్కడివాళ్లకి దుంప అలాంటిది, ముద్ద మార్చకుండా రంగు మార్చారు, అదీ తెలివి.

మీరు దుకాణంలో ఏం చూడాలో చెప్తాను. అమెరికాలో యామ్ అని బోర్డు పెట్టి అమ్మేది నూటికి తొంభై సార్లు నారింజ చిలగడదుంపే, మన పెండలం కాదు. బ్యూరిగార్డ్, గార్నెట్, జ్యువెల్, కోవింగ్టన్ అని రాసి ఉంటే అన్నీ నారింజవే. జపనీస్ అని, మురసాకి అని అమ్మేది పైకి ఊదా, లోపల తెలుపు. తింటుంటే మన ఊరి దుంపలా పొడిపొడిగా చెస్ట్‌నట్ రుచిలో చాలా బావుంటుంది, మీ అత్తయ్య గారు అదే అడుగుతారు చూడండి, కానీ దాన్నుంచి విటమిన్ ఎ ఆశించకండి. ఇక గుమ్మడి సంగతి. హాలోవీన్‌కి గుట్టలుగా పోసే పెద్ద గుమ్మడికాయలు చెక్కి దీపం పెట్టడానికి పెంచినవి, పీచు పీచుగా చప్పగా ఉంటాయి, వాటితో పులుసు పెట్టి ‘అమెరికా గుమ్మడికాయ బాలేదు’ అనుకునేవాళ్లు చాలామంది. మన దగ్గర ఎక్కువగా పండే గుమ్మడి, మీ బటర్‌నట్ స్క్వాష్, రెండూ ఒకే జాతి మొక్కలు, పేరుకే పరాయిది. కాబట్టి ఆవ పెట్టిన కూరకైనా పులుసుకైనా బటర్‌నట్ నిశ్చింతగా వాడండి. మెక్సికన్ దుకాణాల్లో కలాబాసా పేరుతో ముక్కలు కోసి అమ్మేది మన గుమ్మడికి ఇంకా దగ్గర. కబోచా అనేది ముదురాకుపచ్చ తొక్కతో గట్టిగా, పిండిగా ఉంటుంది, వేపుడుకి బావుంటుంది, పులుసులో త్వరగా చెదిరిపోతుంది. డబ్బాలో వచ్చే గుమ్మడి గుజ్జు కూడా చెడ్డదేం కాదు, లేబుల్ మీద గుమ్మడి ఒక్కటే ఉంటే కొనండి, ‘పై ఫిల్లింగ్’ (pie filling) అని రాసి ఉంటే అందులో పంచదార ముందే కలిపేసి ఉంటుంది. జుకినీని కూడా స్క్వాష్ అనే అంటారు, అది లేత కాయ, 17 కేలరీలు, దానికి ఈ పోటీలో చోటు లేదు.

వండటం గురించి రెండు మాటలు. కెరోటిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. దుంపని ఉత్తగా ఉడకబెట్టి ఉత్తగా తింటే ఉన్న కెరోటిన్లో చాలా భాగం వృథాగా పోతుంది. దాంతోపాటు ఒక చెంచా నెయ్యో నూనెతో పోపో పడితే చాలు, గిన్నెడు నూనె పోయక్కర్లేదు. నీళ్లలోకి దిగిపోయేవి పొటాషియం, విటమిన్ సి. మన దప్పళం ఉంది చూడండి, గుమ్మడి ముక్క, చిలగడదుంప ముక్క, ములక్కాడ, అన్నీ ఒకే గిన్నెలో ఉడికి, ఆ నీళ్లు పారబోయకుండా అన్నంలో కలుపుకుని, పైన ఇంగువ పోపు పెట్టి తినేది. పోషకాల లెక్కలో దానికి వంక పెట్టడానికి లేదు. వంక ఎక్కడంటే బెల్లంలో. ఒకసారి పులుసు పెట్టేటప్పుడు చెంచా పట్టుకుని కొలవండి. మనిషికి 150 గ్రాముల గుమ్మడి ముక్కలు వేశారనుకుంటే వాటిలో పిండిపదార్థం 10 గ్రాములు కూడా ఉండదు. మనిషికి ఒక పెద్ద చెంచా బెల్లం పడిందంటే అదొక్కటే 14 గ్రాముల చక్కెర. చిక్కదనానికి బియ్యప్పిండి కలిపితే ఇంకో నాలుగైదు. ఆ పులుసు తిని షుగర్ పెరిగితే ‘గుమ్మడికాయ పడలేదు’ అంటారు, పాపం అది చేసిన తప్పేంటి.

ఇక అత్తయ్య గారి విషయం. గ్లైసీమిక్ ఇండెక్స్ అనే అంకె మీరు వినే ఉంటారు, ఒక పదార్థం తిన్నాక రక్తంలో షుగర్ ఎంత వేగంగా లేస్తుందో చెప్పేది. దుంప విషయంలో ఆ అంకె రకాన్ని బట్టి కంటే వండే తీరుని బట్టి ఎక్కువ మారుతుంది. జమైకాలో పది రకాల దుంపల మీద చేసిన పరీక్షల్లో ఉడకబెట్టిన దుంప 50కి లోపు వచ్చింది, అదే దుంపని ఓవెన్‌లో బేక్ చేస్తేనో నిప్పుల మీద కాలిస్తేనో 80 దాటి 90ల్లోకి వెళ్లింది. శుద్ధమైన గ్లూకోజ్‌కి ఈ అంకె 100, దాదాపు దాని దగ్గర్లోకి వచ్చేసినట్టు. ఇంత తేడా ఎందుకంటే, దుంపలో పిండిని మాల్టోస్ అనే చక్కెరగా మార్చే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. 60 నుంచి 75 డిగ్రీల వేడిలో అది బాగా పనిచేస్తుంది. ఓవెన్‌లోనో బొగ్గుల మీదో దుంప నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి దానికి బోలెడంత సమయం దొరుకుతుంది, నీరు కూడా ఇగిరిపోతుంది, అందుకే కాల్చిన దుంప పగిలిన చోట పాకంలా కారుతుంది, చేతికి అంటుకుంటుంది. ఆ రుచి కోసమే కదా మనం కాలుస్తాం. షుగర్ ఉన్నవాళ్లకి అదే ఇబ్బంది. ముక్కలు కోసి మరుగుతున్న నీళ్లలో వేసో, కుక్కర్లో పెట్టో త్వరగా ఉడికిస్తే తియ్యదనం అంత రాదు, వాళ్లకి అదే కావాలి.

గుమ్మడికాయకి ఈ అంకె 75 అని పాత పట్టికల్లో ఉంటుంది, అది చూసే చాలామంది భయపడి మానేస్తారు. ఆ అంకె తీసేటప్పుడు అందరికీ ఒకే పరిమాణంలో పిండిపదార్థం తినిపిస్తారు, గుమ్మడిలో అంత పిండిపదార్థం రావాలంటే కిలోకి దగ్గరగా తినాలి. ఎవరు తింటారండీ? మామూలుగా ఒక కప్పు కూరలో వచ్చేది నాలుగైదు గ్రాములు, ఏడెనిమిది గ్రాములు. దాంతో షుగర్ పెద్దగా లేవదు. గ్లైసీమిక్ లోడ్ అని ఇంకో లెక్క ఉంది, తినే పరిమాణాన్ని కూడా కలిపి చూసేది, దాంట్లో గుమ్మడికి 3 వస్తుంది. చాలా తక్కువ అన్నమాట. కాబట్టి ఆవిడకి గుమ్మడి కూర, బటర్‌నట్ కూర, బెల్లం లేకుండా, మిగతా కూరల్లాగే పెట్టండి, బటర్‌నట్ అయితే ఒక కప్పు దగ్గర ఆగండి.

చిలగడదుంప కూడా పెట్టొచ్చు. పెట్టిన రోజు అన్నం తగ్గించాలి, అంతే. ఉడికించిన దుంప 150 గ్రాములు పెడితే దాదాపు 100 గ్రాముల అన్నం తీసేయాలి. మన ఇళ్లలో జరిగేదేంటంటే అన్నం అన్నంలాగే ఉంటుంది, పప్పూ పెరుగూ అయ్యాక సాయంత్రం టీతో పాటు దుంపలు అదనంగా వస్తాయి, ‘ఇది ఆరోగ్యమేగా’ అని. పరగడుపున ఒక్క దుంపే తినడం కూడా వద్దు, పక్కన గుడ్డో, మొలకలో, పెరుగో ఉంటే షుగర్ నింపాదిగా లేస్తుంది. చిలగడదుంప తింటే షుగర్ తగ్గుతుందనే మాట కూడా ఎక్కడో వినే ఉంటారు, తెల్లతొక్క దుంప పొడి క్యాప్సూల్స్ కూడా అమ్ముతారు. 2013లో కొక్రేన్ సంస్థ వాళ్లు దొరికిన ప్రయోగాలన్నీ జల్లెడ పడితే పనికొచ్చేవి మూడే తేలాయి, వాటన్నిటిలో కలిపి 140 మంది. అంత చిన్న ఆధారంతో ఏమీ చెప్పలేమన్నారు. మందు స్థానంలో దుంప పెట్టకండి.

ఇవన్నీ సగటు లెక్కలు, ఆవిడ ఒంటికి ఏది ఎంత పడుతుందో మీ ఇంట్లో మీటరే చెప్తుంది. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకి ఒకసారి చూడండి. ఒకరోజు మామూలు అన్నంతో, ఇంకోరోజు దుంప పెట్టి అన్నం తగ్గించి, మిగతావన్నీ ఒకేలా ఉంచి. రెండు గంటల తర్వాతి రీడింగ్ 180 లోపు ఉంటే సాధారణంగా ఫర్వాలేదు. ఇన్సులిన్ తీసుకుంటుంటే అన్నం తగ్గించే ముందు డాక్టర్‌ని అడగాలి, లేకపోతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

పాప విషయంలో టెన్షన్ అక్కర్లేదు. ఏడాది దాటిన పిల్లలకి రోజుకి విటమిన్ ఎ 300, 400 మైక్రోగ్రాముల మధ్య కావాలి, ఉడికించిన నారింజ దుంప 50 గ్రాములతో అది వచ్చేస్తుంది. బరువు సరిగా పెరగని పిల్లలకి దుంప మేలు, కేలరీలు ఎక్కువ కాబట్టి. మెత్తగా మెదిపి కాస్త నెయ్యి వేయండి, గట్టి ముక్కలు వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. బాగా తినే పిల్లలైతే గుమ్మడి, దుంప మార్చి మార్చి పెట్టండి. ఒకటి మాత్రం ముందే చెప్పి ఉంచుతాను. కొన్ని వారాలపాటు రోజూ దుంప, గుమ్మడి, క్యారెట్ పెడితే పాప అరచేతులు, అరికాళ్లు, ముక్కు కొస పచ్చగా కనిపించొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే కామెర్లు అని హడావుడి చేస్తారు. కళ్లలో తెల్లగుడ్డు చూడండి. అది తెల్లగానే ఉండి, మూత్రం మామూలు రంగులోనే ఉంటే అది కెరోటిన్ రంగు, హాని చేయదు, తగ్గిస్తే మెల్లగా పోతుంది. కళ్లు కూడా పచ్చబడితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కూరగాయల కెరోటిన్‌తో విటమిన్ ఎ మోతాదు మించిపోతుందన్న భయం లేదు, ఒళ్లు తనకి కావాల్సినంతే మార్చుకుంటుంది. చుక్కల మందు, బిళ్లల సంగతి వేరు, అవి డాక్టర్ చెప్తేనే.

మీ బరువు సంగతి. ఓవెన్‌లో పెట్టే దుంపని ఒక్కసారి కాటా మీద పెట్టి చూడండి. అమెరికా దుకాణాల్లో ఒక్కో దుంప 350, 400 గ్రాములు సులువుగా ఉంటుంది. కాల్చిన దుంప 100 గ్రాములకి 90 కేలరీలు, 350 గ్రాములంటే 315 కేలరీలు, పిండిపదార్థం 70 గ్రాముల పైన. అది ఒకటిన్నర కప్పు అన్నంతో సమానం. పైన వెన్న పెట్టుకుంటున్నానని మీరే రాశారు, ఒక పెద్ద చెంచా వెన్నకి ఇంకో 100. అంటే మీరు అన్నం మానలేదు, అన్నం పేరు మార్చారు. దాని బదులు దుంపని 100, 120 గ్రాములకి దించి, పక్కన పెద్ద గిన్నెడు గుమ్మడి కూరో బటర్‌నట్ సూపో పెట్టుకోండి, పప్పో పనీరో చికెనో తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఈ రెండింట్లోనూ ప్రొటీన్ లేదని పైనే చెప్పాను. 100 కేలరీలకి గుమ్మడి 385 గ్రాములు వస్తుంది, దుంప 115 గ్రాములు వస్తుంది. కడుపు నిండటానికి ఏది పనికొస్తుందో మీకే తెలుస్తుంది. అదే మీ ఆయన రోజూ పొద్దున పరిగెత్తుతారని రాశారు, ఆయనకి పరుగుకి ముందు ఉడికించిన దుంప చక్కగా సరిపోతుంది, గుమ్మడితో ఆయనకి బలం చాలదు.

పొటాషియం రెండింట్లోనూ 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల చుట్టూనే ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లకి అది మంచిదే. కిడ్నీ దెబ్బతిని పొటాషియం తగ్గించమన్నవాళ్లు మాత్రం రెండింటితోనూ జాగ్రత్తగా ఉండాలి, చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంచేస్తే కొంత తగ్గుతుంది. వాళ్లకి దప్పళం పనికిరాదు, పైన మెచ్చుకున్న గుణమే ఇక్కడ దోషం. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు దుంప తగ్గించి గుమ్మడి తినడం మేలు, దుంపలో ఆక్సలేట్ ఎక్కువ. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లకి దుంపతోనూ గుమ్మడితోనూ పేచీ లేదు, విటమిన్ కె రెండింట్లోనూ నామమాత్రం.

గింజలు పారేయకండి. ఈ మొత్తం పోటీలో దుంప దగ్గర లేనిది, గుమ్మడి దగ్గర ఉన్నది అదే. ఎండబెట్టి పైపొట్టు తీసిన గుమ్మడి పప్పులో 100 గ్రాములకి 30 గ్రాముల ప్రొటీన్, 590 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 7 మిల్లీగ్రాములకి పైగా జింక్ ఉంటాయి. నూనె కూడా ఎక్కువే, 550 కేలరీలు దాటుతుంది, కాబట్టి గుప్పెడు కాదు, రెండు చెంచాలు. బటర్‌నట్ గింజలు కూడా కడిగి ఆరబెట్టి బాణలిలో వేయించి కాస్త ఉప్పు, కారం చల్లుకోవచ్చు, పొట్టు పల్చగానే ఉంటుంది కాబట్టి పొట్టుతోనే నమిలేయొచ్చు. పాపకి మాత్రం గింజలుగా పెట్టకండి, మెత్తగా పొడి కొట్టి కలపండి.

కొనేటప్పుడు, దాచేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గుమ్మడి గానీ స్క్వాష్ గానీ జుకినీ గానీ నాలుకకి చేదు తగిలితే మొత్తం పారేయండి, ఉప్పూ పులుపూ వేసి సర్దకండి, ఆ చేదు విషపదార్థం, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. ఆనపకాయకి కూడా ఇదే వర్తిస్తుంది. చిలగడదుంపకి పురుగు తొలిచిన సన్నటి బెజ్జాలు, నల్లటి మచ్చలు, ఒక రకమైన ఘాటు వాసన ఉంటే అంతవరకే కోసి మిగతాది వాడదామనుకోకండి, చేదు చుట్టూ పాకి ఉంటుంది, ఉడికించినా పోదు. పచ్చి దుంపని ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి లోపల గట్టిపడిపోయి ఎంత ఉడికించినా మధ్యలో పలుకు మిగులుతుంది, గాలి తగిలే బుట్టలో ఉంచితే చాలు. పగలని బటర్‌నట్ వంటింటి మూల నెలల తరబడి ఉంటుంది, నిలవ ఉన్నకొద్దీ దాని రంగు ముదిరి కెరోటిన్ కూడా పెరుగుతుంది, మన పల్లెల్లో గుమ్మడికాయలు అటక మీద పెట్టి సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా వాడుకునేవాళ్లు కదా. కోసిన ముక్క మాత్రం ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతకు మించి వద్దు.

మీ అత్తయ్య గారికి షుగర్ ఎన్నేళ్లుగా ఉందో, ఈమధ్య చేయించిన రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె), పొటాషియం ఎంత వచ్చాయో మీరు రాయలేదు. అవి మామూలుగా ఉంటే పైన చెప్పింది చెప్పినట్టు చేసేయొచ్చు. ఎక్కువగా ఉంటే దుంప, స్క్వాష్ కొలతలు రెండూ మారతాయి, కాబట్టి ఆ రెండు అంకెలు, ఆవిడ వాడే మందుల పేర్లు ఇక్కడే కింద రాయండి, ఆవిడకి సరిపోయే కొలతలు వేసి చెప్తాను.